ఒక్క కోతలో ఇరుసు

ఇల్లాలి లెక్క ప్రకారం ఆయన నిఖార్సైన మనిషే. తాగడు, పేకాడడు, పరాయి ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడడు. చూడ్డానికి తీరిక ఏదీ? ఆయనకున్న రోగమల్లా ఒక్కటే, ఏ పనీ రెండు విడతలుగా చేయలేడు. గడ్డం ఒక్క గీతలో గీసేస్తాడు, చెంపల మీద సగం పంట కోయకుండానే మిగిలిపోతుంది. బకెట్టెడు బట్టల్ని ఒక్కసారి ముంచి ఒక్కసారే ఎత్తుతాడు, సబ్బు చారికలు తీగ మీద ఎండుతాయి. అలాంటి మహానుభావుడికి సరదాకి ఒక లేత్ మిషను కావలసివచ్చింది. అదీ కంప్యూటరు చెప్పినట్టు నడిచేది.

వంటింటి వెనక బట్టలుతికే చోటు దాని పాలైంది. గిర్రున తిరిగే ఇనుప కడ్డీని ఉలిలాంటి టూల్ ఒకటి చెక్కుతుంటే, నీలంగా మెలికలు తిరిగిన ఇనుప పొట్టు రాలుతుంది. ఆ పొట్టు మిషను దగ్గరే రాలి ఊరుకుంటే ఆవిడకి ఏ బాధా ఉండేది కాదు. చెప్పుల్లో అదే, దువ్వెనలో అదే, ఉతికిన దుప్పటి మడతల్లో అదే. దానికి తోడు మాడిన నూనె కంపు. ఓ ఉదయం ముఖం తుడుచుకుని అద్దంలో చూసుకుంటే, తువ్వాలుకి ఆయన తుడిచిన జిడ్డు ఆవిడ పెదవి మీద మీసమై నిలిచింది.

"బాగానే ఉందే, నాకంటే నిండుగా వచ్చింది," అన్నాడాయన.

"ఛీ," అంది ఆవిడ. ఆ మధ్య ఆ ఇంట్లో ఎక్కువగా వినబడే మాట అదే.

ఇంతలో అత్తగారు ఆసరాగా తోసుకు నడిచే బండికి ముందు చక్రం కుంటుపడింది. ఇరుసు అరిగిపోయి, అడుగు వేస్తే చక్రం పక్కకి వాలుతోంది. అంగడివాడు కొత్త చక్రం తెప్పిస్తానన్నాడు. ఆయనగారికి రోషం వచ్చింది. "ఇంట్లో లేత్ పెట్టుకుని చక్రం కొంటామా? సాయంత్రానికి ఇరుసు చేసి పెడతా."

ఎన్ని సాయంత్రాలు గడిచినా ఇరుసు రాలేదు. అత్తగారు కుర్చీకే అంటుకుపోయారు. స్నానాలగదికి వెళ్లాలంటే కోడలి మెడ చుట్టూ చెయ్యి వేయాల్సిందే. ఒకప్పుడు ఆడపిల్లల హాస్టలు మొత్తాన్ని కంటిచూపుతో నడిపిన మనిషికి అది ప్రాణసంకటం. పైకి మాత్రం ఏమీ అనలేదు. "దాహం లేదమ్మాయ్," అనడం మొదలుపెట్టారు, అంతే.

వెనక నుంచి కీచుమని అరుపు, పొగ, ఆ తర్వాత టక్‌మని టూల్ విరిగిన చప్పుడు. మామూలైపోయింది. కడ్డీ లావు ఎంత, కావలసిన సన్నం ఎంత, రెండే అంకెలు ప్రోగ్రాంలో పడేసి ఒక్క కోతకే అంతా తీసేయమంటాడు. అవతలి కొస పట్టు లేని కడ్డీ ఆ ఒత్తిడికి వంగిపోతుంది.

"ఇనుము మంచిది కాదు."

మరునాడు, "కరెంటు సరిగా లేదు."

ఆ పై రోజు, "నువ్వు పక్కన నిలబడి చూస్తున్నావు, నాకు చేతులాడవు."

"చెక్కేది మిషను కదండీ, దానికీ నేనంటే భయమేనా?"

ఇక ఒక్క కడ్డీ మిగిలింది. ఆ మధ్యాహ్నం ఆవిడ అత్తగారి గదిలో గ్లాసు తీయబోయింది. పొద్దున కొడుకు స్వయంగా తెచ్చిపెట్టిన నీళ్లు, పొద్దున ఎంత ఉన్నాయో అంతే ఉన్నాయి. గ్లాసు అడుగున నీలంగా ఓ మెలిక మెరుస్తోంది. దాని పైన నూనె తెట్టు రంగులు తిరుగుతోంది.

ఆవిడ గ్లాసు పట్టుకుని తిన్నగా వెనక్కి నడిచి ఆయన కంప్యూటరు పక్కన పెట్టింది.

"ఇది మీ అమ్మ తాగాల్సిన నీళ్లు. తాగలేదు కాబట్టి గొంతు బతికింది. ఎందుకు తాగడం లేదో తెలుసా? తాగితే నా మెడ పట్టుకుని లేవాలి కనుక."

ఆయన గ్లాసుని చూశాడు, చేతుల్ని చూసుకున్నాడు.

"భోజనాల దగ్గర మీరు పెట్టే లేత్ పాఠాల వీడియోలు నేనూ వింటున్నా. కొంచెం కొంచెంగా తీయండి నాయనా అని ఆ పెద్దాయన గొంతు చించుకుంటుంటే, మీరు ముందుకి జరిపేస్తారు. ఇవాళ జరపకండి. విడతలు పెట్టండి."

ఆయన గొణుక్కుంటూనే టకటకా కొట్టాడు. ఆవిడ తెర మీదికి వంగి చూసింది. మొదట కాగితం మందాన కోతలు కొన్ని ఉన్నాయి. చివరి కోతకి మాత్రం మిగిలిందంతా అప్పజెప్పాడు.

"ఇదేం పాపమండీ? నాలుగు ముద్దలు మర్యాదగా తిని, చివరికి పళ్లెం ఎత్తి తాగేసినట్టు!"

ఆయనకి నవ్వు రాబోయింది కానీ ఆవిడ మొహం చూసి మింగేశాడు. అంకెలు మార్చాడు. మొదటి కోతలన్నీ సమంగా, కడ్డీ వంగనంత లోతులో. ఆఖరిది గీకీ గీకనట్టు. దానికి ముందు మిషను ఆగాలి, కొలవాలి.

మిషను తిరిగింది. టూల్ వచ్చి, గీసి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చింది. అరుపు లేదు, పొగ లేదు. చూస్తూ ఊరుకోవడం ఆయనకి శిక్షే. చెయ్యి మీటల వైపు జరిగినప్పుడల్లా ఆవిడ దగ్గింది. ఆగాక కొలిస్తే, అనుకున్నదానికంటే కడ్డీ వెంట్రుకవాసి లావుగా ఉంది. చూడకుండా పోనిస్తే చక్రంలో దూరేది కాదు. ఆయన ఆ తేడా సరిచేసి ఆఖరి కోత వదిలాడు. ఇరుసు నున్నగా దిగింది. చక్రంలో పెడితే చప్పుడు లేకుండా కూర్చుంది.

అత్తగారు బండి తోసుకుంటూ తనంతట తాను స్నానాలగదికి వెళ్లి వచ్చారు. వస్తూ వస్తూ, కొడుకు చేతులు కడుక్కుంటున్న వంటింటి గుమ్మంలో ఆగారు.

"ఇంత చిన్న ముక్కకి ఇన్నాళ్లెందుకురా?"

"ఇనుము సరిగా కుదరలేదమ్మా."

"ఇది వేరే ఇనుమా?"

"అదే అనుకో. టూల్ కూడా..."

"టూల్ మార్చావా?"

"లేదు, ఆ రకమే. కొంచెం తొందర జరిగింది."

"తొందర తనంతట తనే జరిగిందా, ఎవరైనా జరిపారా?"

ఇల్లాలు గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే తుడుస్తోంది. అత్తగారు వదలలేదు, గొంతూ పెంచలేదు. ఒక్కో మాటకీ కొడుకు మీంచి పల్చగా ఒక్కో పొర లేస్తోంది.

"నేనే పడ్డాను తొందర," అన్నాడాయన.

"పడితే ఏమైంది?"

ఆయన గట్టు మీదున్న గ్లాసు వంక చూశాడు. ఇల్లాలు దాన్ని పారబోయకుండా కంప్యూటరు పక్క నుంచి తెచ్చి అక్కడ పెట్టింది.

"తప్పు నాదేనమ్మా. చక్రం కొనేసి ఉండాల్సింది. నా సరదా కోసం నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. నువ్వు నీళ్లు మానేశావని కూడా చూసుకోలేదు. నాదే తప్పు."