మౌలాలి చెయ్యి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం. పులివెందుల నడివీధిలో పెండ్లికొడుకును కిందికి దింపి కారు తోయించిన పాపం నాది. జమ్మలమడుగులో నేను బాడుగకు తోలే ఆ నల్ల కారు వయసులో నాకంటే నాలుగేళ్లే చిన్నది. స్టార్టరు పిడి గుంజితే ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఊరుకునేది. ఆ వారంలో అది మూడోసారి.

ప్రొద్దుటూరులో మౌలాలి షెడ్డు ముందు కోపంగా బండి ఆపాను. కరెంటు జబ్బులు పట్టడంలో ఆయనను మించినవాడు మా వైపు లేడు. మీటర్లు, గీటర్లు ఆయనకు అక్కర్లేదు. స్టార్టరు పదిసార్లు గుంజమంటాడు, వైర్ల బిగింపులు ఒక్కొక్కటే వేళ్లతో పట్టి చూస్తాడు. బిగువు లేనిచోట కరెంటు సరిగా పారక వేడెక్కుతుంది. ఏది వేడిగా ఉంటే జబ్బు అక్కడే. ఖాజీపేట నుంచి పెద్దముడియం దాకా లారీవాళ్లు నమ్మింది ఆ చేతినే. అలాంటి మనిషి మొదటిసారి నాచేత బ్యాటరీ మార్పించాడు, రెండోసారి స్టార్టరు మోటారే విప్పి బిగించాడు. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంది.

"ఏంది మామా ఇది? పెండ్లోళ్ల ముందర నా మానం పాయె. చేతగాకుంటే చెప్పు, కడపకు తోలుకపోతా," అని వీధంతా వినేటట్టు అరిచాను. టీ అంగడి ముందున్నవాళ్లు లేచి వచ్చారు.

మౌలాలి ముఖం చిన్నబోయింది. "ముప్పై ఏండ్లాయె కుళ్లాయప్పా, ఈ చెయ్యి అబద్ధం చెప్పలా. చెప్పిన దినం షెడ్డు మూసేస్తా. గుంజు."

గుంజాను. పదిసార్లు. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్తు వైరు బిగింపును ఆయన గట్టిగా పట్టుకుని ఉన్నాడు.

"సల్లగానే ఉండాది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. దిగి, ఆయన చెయ్యి నెట్టేసి, అదే బిగింపు పట్టుకున్నాను.

"అబ్బా! కాలిపోతాంది!"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. "ఏం మామా, చేతికి తుప్పు పట్టిందా?" అన్నాడొకడు. మౌలాలి నవ్వలేదు. తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. వేళ్ల కొసలు బొబ్బలెక్కి ఉన్నాయి.

జనం చెదిరేదాకా ఆయన తల ఎత్తలేదు. బిగింపు విప్పి, కింది తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. నేను ఎక్కి కూర్చుని గుంజితే ఒక్క గుంజుకు ఇంజను అందుకుంది. ఇద్దరిలో ఎవరికీ సంతోషం లేదు.

"రెండు నెల్లాయె," అన్నాడు మెల్లగా. "మా ఇంటిది ఖమర్‌బీ పొయ్యి మీద పెట్టిన గిన్నె ఈ చేత్తోనే దించినా. తోలు ఊడినాక గానీ తెలీలా."

ఎంత ఎండలోనైనా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీ పెట్టుకునే మనిషి. నవాబు వేషమని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఎడమచేతి గుండీ తీసి పైకి మడిచాడు. మోచేతి కింద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ.

"ఈడ గిల్లుకున్నా తెలీదు."

కుష్ఠు అనలేక ఊరంతా పెద్దరోగం అనే ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. చెప్పొద్దూ, భయం వేసింది.

"ఎవురికీ చెప్పాకు కుళ్లాయప్పా. తెలిస్తే ఈ షెడ్డు తట్టు ఒక్క బండి రాదు."

"నీ మీదొట్టు, చెప్పను. ఆస్పత్రికి నేనే తీసకపోతా మామా." మనస్ఫూర్తిగానే అన్నాను. చేతులు తుడుచుకోమని నా తువ్వాలు కూడా ఇచ్చాను. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

తుడుచుకుని తువ్వాలు తిరిగి ఇచ్చాడు. రోజూ మాదిరి భుజం మీద వేసుకోవలసింది. కొసను రెండు వేళ్లతో పట్టుకుని వెనక సీటు కిందికి విసిరాను. విసిరాక చూశాను, ఆయన నన్నే చూస్తున్నాడు.

ఎడమ చొక్కాచెయ్యి కిందికి లాక్కుని గుండీ పెట్టుకోబోయాడు. కుడిచేతి వేళ్లకు గుండీ చిక్కడం లేదు. మూడుసార్లు జారింది. దిగి పెట్టవలసింది నేనే.

పెట్టలేదు. గేరు వేశాను.