ఒరగని సీసా

పొద్దున్నే ఆఫీసు పని మొదలుపెట్టేముందు రవికాంత్ పెరట్లోని మేపుల్ చెట్టుకి రసం కోసం తగిలించిన బకెట్లు దించి గరాజ్‌లో పెట్టేవాడు. అతని తల్లి గౌరి ఆ నీళ్లలాంటి రసాన్ని వడకట్టి, తేనెలాంటి సిరప్ అయ్యేదాకా మరిగించడానికి పొయ్యి మీదికి ఎక్కించేది. ఇంట్లో మరిగిస్తే గోడలన్నీ జిడ్డవుతాయని కోడలు ఉష అన్న దగ్గర్నుంచీ ఈ తతంగమంతా గరాజ్‌లోనే. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని గౌరి అక్కడే కాపలా కూర్చునేది. అమెరికాలో, ఈ పార్సిప్పనీ చలికి ఆవిడ ఎప్పుడో లొంగిపోయింది గానీ, పొయ్యి దగ్గర ఇంకొకరి పెత్తనానికి మాత్రం లొంగలేదు.

2011 మార్చి అది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాలే రసం కారుతుంది. చెట్టు మొగ్గ తొడిగితే ఇక రుచి చెడుతుంది. చిక్కేమిటంటే, ఉషకి పురుడు ఏప్రిల్లో. బారసాలకి వచ్చినవాళ్లకి తలా ఒక చిన్న సీసా సిరప్ రిటర్న్ గిఫ్ట్‌గా ఇవ్వాలని ఆమె సరదా. పుట్టకముందే బిడ్డ పేరు చెప్పి ఏదీ సిద్ధం చేయకూడదని గౌరి పట్టు. రెండేళ్ల కిందట ఉష కడుపుతో ఉన్నప్పుడు ముందే ఉయ్యాల కొన్నారు, ఆ బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది. అప్పట్నుంచీ గౌరిని భయం వదల్లేదు. ఈసారి గుడ్డముక్క కూడా కొననివ్వలేదు.

"ఉగాదికి పంచుతున్నాం అనుకుందాం అత్తయ్యా," అంది ఉష.

"అనుకోవడం కాదు. పైకి అను. గట్టిగా అను."

దేవుడు కూడా వినాలి మరి. విని నమ్మాడా లేదా అన్నది వేరే సంగతి.

ఆ చెట్టు సిరప్ సంగతి తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఎవరిని తలుచుకుని పోస్తే వాళ్లున్న వైపుకి సీసాలో ఒరిగి నిలబడుతుంది. బారసాలకి పిలవాల్సినవాళ్లలో, ప్లెయిన్స్‌బరోలో ఉండే విద్య సీసా ఎడిసన్ ఊరి వైపు తిరిగిందంటే ఆవిడ కూరగాయలకి వెళ్లినట్టు. జగన్మోహన్ సీసా మెల్లమెల్లగా తిరుగుతోందంటే కార్లో ఉన్నట్టు. లేబుళ్లు అంటించే పని తప్పిందని ఉష సంబరపడేది.

చివరి వాయిలో కాస్త మిగిలింది. ఏ బుద్ధి పుట్టిందో, గౌరి దాన్ని మందుసీసా అంత బుల్లి సీసాలో పోసి, ఎవరి కోసమో పైకి అనకుండా కిటికీలో పెట్టింది. ఉష వంటింట్లో ఉంటే అది వంటింటి వైపు, హాల్లో ఉంటే హాలు వైపు ఒరిగేది. గౌరి రోజుకి పదిసార్లు దాని మొహం చూసేది. ఉష అది గమనించింది.

ఆ వాయి దగ్గరే తల్లీకొడుకులకి చిన్న మాట పట్టింపు వచ్చింది. అలవాటు కొద్దీ గౌరి పళ్లెంలో నీళ్లు పెట్టుకుని, అరిసెల పాకానికి చూసినట్టు చుక్క వేసి వేళ్లతో ఉండ చేయబోయింది.

"సిరప్‌కి అంత పాకం రాకూడదమ్మా. సీసాలో గట్టిపడి కూర్చుంటుంది," అన్నాడు రవికాంత్.

"పాకం నాకు నేర్పుతావురా?"

తరవాతి గురువారం మధ్యాహ్నం గౌరి కిటికీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మిగతా సీసాలన్నీ ఎటు ఒరగాలో అటు ఒరిగి ఉన్నాయి. బుల్లి సీసా మాత్రం గ్లాసులో మంచినీళ్లలా సమంగా ఉంది. ఉష ఎదురుగానే సోఫాలో పడుకుని ఉంది.

"ఉషా, కడుపులో కదులుతోందా?"

"పొద్దున్న కదిలింది అత్తయ్యా. నిద్రపోతోందేమో. నన్నూ కాసేపు పడుకోనివ్వండి."

పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్న రవికాంత్ మ్యూట్‌లో పెట్టి విన్నాడు. "నీ పాకం ముదిరిందమ్మా. గట్టిపడితే ఇంకేం ఒరుగుతుంది? చెప్పానుగా."

నిజమే కావచ్చు. పాకం చెడిందంటే పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఒప్పుకోని మనిషి, ఇది చెడి ఉండాలని ఇంటి దేవుడికి మొక్కుకుంది. రాయిలా బిగిసిపోయి ఉండాలి స్వామీ అనుకుంది. మూత తియ్యకపోతే ఎలా తెలుస్తుంది? తీసి అరచేతిలోకి వంచింది.

జారింది. ధారగా, వేళ్ల సందుల్లోంచి కిందికి కారింది. పాకం సరిగ్గానే ఉంది.

గౌరి ఆ చేతిని కొడుక్కి చూపించింది. రవికాంత్ కాల్ కట్ చేసి కారు తాళాలు అందుకున్నాడు.

"ఎవరి సీసా అత్తయ్యా అది?" అంది ఉష లేచి కూర్చుని.

"నీకు తెలుసుగా అమ్మా."

ఉష చెప్పులు వేసుకుంది.

హాస్పిటల్లో నర్సు పొట్ట మీద మెషీన్ పెట్టి అటూ ఇటూ చాలాసేపు వెతికింది. గుండె చప్పుడు దొరికింది గానీ, ఆగి ఆగి వినపడింది. బొడ్డుతాడు మెడకి బిగుసుకుందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్ చెప్పింది. ఉషని పరుగున తీసుకెళ్లారు, వెనకే రవికాంత్ వెళ్లాడు.

గౌరి వరండాలో ఒక్కతే మిగిలింది. చెయ్యి ఇంకా జిగురుగానే ఉంది. పుట్టకముందే పోసి తనే ఇంత చేటు తెచ్చిందా? పోయబట్టే ఇప్పటికైనా తెలిసిందా? ఎటూ తేలలేదు. ఆవిడకి అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

తలకి ఆపరేషన్ గదిలో పెట్టిన నీలం టోపీతోనే రవికాంత్ బయటికి వచ్చాడు.

"ఏమైందిరా?"

"అమ్మాయమ్మా."

"ఏడ్చిందా?"

"ఏడుస్తూనే ఉంది. నర్సు ఎత్తుకుని ఊపుతున్నా ఆపడం లేదు."

అప్పటిదాకా నిలబడే ఉన్నానని గౌరికి అప్పుడే తెలిసింది. గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఏడవనీరా," అంది. "ఊరుకోబెట్టొద్దని చెప్పు."