ఆ వేళ మోగని గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. కొలిమిలో పుట్టాను. విజయనగరం దగ్గర ఓ మలుపులో పదిహేనేళ్లు రైళ్ల బరువు మోశాను. అరిగిపోయానని పీకేసి, కోసి, రెండడుగుల ముక్కను కాలేజీ వరండా దూలానికి వేలాడదీశారు. ‘గంట’ అని పేరు పెట్టారు. ఇంజన్లు లెక్కచేయని నేను మోగితే ఇక్కడ లెక్చరర్లు పరుగులు తీసేవారు. మనుషులు చిత్రమైనవాళ్లు.

నన్ను కొట్టేవాడు అటెండరు పైడయ్య. అతని భార్య బంగారమ్మ హాస్టల్లో వంట మనిషి. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు గౌరునాయుడు అక్కడే బీఎస్సీ చదివాడు.

“రెండు నిమిషాలాగి కొట్టమని మీ అయ్యకి సెప్పొచ్చు కదరా!” అని స్నేహితులు ఏడిపించేవారు.

“మా అయ్య నన్నైనా కొడతాడు గానీ గంట లేటుగా కొట్టడ్రా!” అనేవాడు.

డిగ్రీ చేతికి రాగానే సైన్యంలో చేరాడు. డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం మొదలైంది. మూడు వారాలుగా ఉత్తరం లేదు.

ఆ ఉదయం మూడో పీరియడ్ నడుస్తుండగా టెలిగ్రాం పట్టుకుని తంతి మనిషి సైకిలు దిగాడు. గౌరునాయుడు సైన్యంలో చేరినప్పుడు ఇంటి చిరునామాగా ప్రిన్సిపాల్ పేరే ఇచ్చాడు. కాగితం చదివిన ప్రిన్సిపాల్ జోగారావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన కిటికీ నా పక్కనే.

“పైడయ్యని పిలిచి చెప్పేయండి సార్,” అన్నాడు హెడ్ క్లర్కు.

“నా వల్ల కాదయ్యా. ముందు సంతాపం గంట కొట్టించు. అందరూ పోగయ్యాక నలుగురి మధ్యా చెబుదాం.”

నా గుండె ఇనుమే. అయినా జారిపోయింది. తండ్రి చేతే కొట్టిస్తారా?

పైడయ్య సుత్తి పట్టుకుని వచ్చాడు. సంతాపం గంటకు అతనికో పద్ధతి ఉంది. పోయినవారి పేరు ఒకసారి మెల్లగా అనుకున్నాకే మొదటి దెబ్బ వేస్తాడు.

“ఎవులు పోనారు బాబూ?”

“ఎవరో... పాత విద్యార్థి. నువ్వు కొట్టు,” అన్నారు ప్రిన్సిపాల్.

“పేరు సెప్పండి. పేరు తెలకుండా నానెప్పుడు కొట్టినాను?”

క్లర్కు తల దించుకున్నాడు. లేచిన సుత్తి నాకు జానెడు దూరంలో ఆగింది.

“ఏ బేచి బాబూ? ఏ ఏడు సదివినోడు?”

పైడయ్య ఇద్దరి ముఖాలూ చూశాడు. ప్రిన్సిపాల్ చేతిలోని టెలిగ్రాం చూశాడు.

“మావోడేనా?”

ప్రిన్సిపాల్ తల ఊపారు.

పైడయ్య సుత్తి నేల మీద పెట్టాడు. “అయితే ఇప్పుడు కొట్టకండి బాబూ. ఇది మోగితే ఎవులు పోనారని మా ఆడది పరిగెట్టుకొస్తాది. దారిలో ఎవులో ఒకలు అనీస్తారు. ముందు నా నోటితో సెప్పీసొస్తాను.”

“నేనూ వస్తాను పైడయ్యా.”

“ఒద్దు బాబూ. మిమ్మల్ని సూస్తే దానికి దూరం నుంచే తెలిసిపోతాది.”

గోడ పట్టుకుని హాస్టల్ వంటగది వైపు నడిచాడు.

ఇప్పుడు కాలేజీలో కరెంటు గంట. నన్ను గౌరునాయుడి ఫొటో కింద అరుగు మీద ఉంచి, ఏటా డిసెంబరులో మా ఇద్దరికీ దండలు వేస్తారు. అతని ధైర్యం గురించి మైకులో గంటసేపు మాట్లాడతారు. వంటగది ఊసు ఎవరూ ఎత్తరు.

నాకు మాత్రం ఆ నాలుగు నిమిషాలే గుర్తు. పక్క క్లాసులో లెక్కల మాస్టారి సుద్దముక్క కీచుమంటోంది. వంటగది పొగగొట్టం నుంచి పొగ లేస్తోంది. పైడయ్య గుమ్మం దాటి లోపలికి వెళ్లాడు. గరిటె చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు ఎవరైనా నన్ను బలంగా కొడితే బాగుండుననిపించింది. లోపలి నుంచి రాబోయే కేక నా మోతలో కలిసిపోయేది.

ఎవరూ కొట్టలేదు.