కంచం కిటికీ

పొద్దున ఏడయ్యేసరికి మగ్దలీనమ్మ మంచం దగ్గరికే అన్నీ వస్తాయి. పళ్ళపొడి, చెంబుతో నీళ్ళు, ఉమ్మడానికి ప్లాస్టిక్ తొట్టి, కాఫీ గ్లాసు, ఆ తర్వాత రెండు ఇడ్లీలు. తెచ్చేది కోడలు రోజీ. తాగిన గ్లాసు కింద పెట్టే పని కూడా అత్తకు లేదు. రోజీ చెయ్యి చాపి అందుకుంటుంది. దువ్వెన పట్టుకోబోతే "నువ్వుండత్తా, నేను దువ్వుతా" అంటుంది. కొడుకు ఆనంద్ బాబు మార్కాపురానికి ఆటో తీసే ముందు గదిలోకి తొంగి చూసి, "అమ్మా, లేవబాకు. ఏం కావాలన్నా పిలువు" అని చెప్పి పోతాడు. మూడేళ్ళుగా ఇదే వరస. కొడుకంటే అట్లా ఉండాలి అని వీధి వీధంతా మెచ్చుకుంటుంది.

ఆ తల్లికి ఒళ్ళు మండేది ఆ మెచ్చుకోలు వింటేనే. మగ్దలీనమ్మ నలభై ఏళ్ళు పలకల గనిలో రాయి మోసిన మనిషి. తలమీద రాతిపలకల దొంతర, చంకలో పాలు తాగే ఆనంద్ బాబు, కాళ్ళ కింద జారే మట్టిమెట్లు. అట్లా రోజుకు ఎన్నిసార్లు గుంత దిగి ఎక్కిందో ఆమెకే తెలియదు. అటువంటి కాళ్ళను తెచ్చి మంచం మీద పెట్టి, ఇంక చాలన్నారు. ప్రేమతోనే అన్నారు, కాదనడానికి లేదు. కూలి చేసి బతికిన ఇళ్ళల్లో తల్లిని కూర్చోబెట్టి అన్నం పెట్టడాన్ని మించిన గౌరవం లేదు. తామెన్నడూ తీరిగ్గా కూర్చుని ఎరగరు కాబట్టి, కూర్చోవడమే స్వర్గమనుకుంటారు.

ఆ ఊళ్ళో గడపలు పెరుగుతాయి. ముసలివాళ్ళు ఏ గదిలో కూర్చుండిపోతే ఆ గది గడప నెలకు ఒక వేలి మందాన పైకి లేస్తుంది. పెద్దారవీడు రోడ్డు మీద బస్సు దిగి ఊళ్ళోకి నడిస్తే, ఏ ఇంట్లో ఎవరు ఎన్నాళ్ళుగా కూర్చున్నారో గడపను చూసి చెప్పొచ్చు. సుత్తితో కొట్టించినా, రంపంతో కోయించినా మర్నాటికి మళ్ళీ అంత ఎత్తూ ఉంటుంది. మనిషిని ఎత్తుకుని దాటిస్తే ఇంకో రెండు వేళ్ళు పెరుగుతుంది. ఎండాకాలం బోరు ఎండిపోయినట్టే ఇదీను, ఎవరూ ఆశ్చర్యపోరు. గడప మోకాలు దాటిందంటే మేస్త్రీకి కబురు పెడతారు. అతను వచ్చి వాకిలిని నడుమెత్తు దాకా ఇటుకతో కట్టేసి, పైభాగాన్ని కిటికీ చేస్తాడు. దాన్ని కంచం కిటికీ అంటారు. కంచం అందులోంచే లోపలికి పోతుంది, అందులోంచే బయటికి వస్తుంది. కోడళ్ళు పొద్దునా సాయంత్రం స్టూలు వేసుకుని ఎక్కి లోపలికి దిగి, కావలసినవి చూసి వస్తారు. లోపలి మనిషి మాత్రం ఇక బయటికి వచ్చేది ఒక్కసారే, నలుగురి భుజాల మీద.

క్రిస్మస్‌ నాడు మగ్దలీనమ్మను కుర్చీతో సహా ఎత్తి చర్చికి తీసుకుపోయారు. దారిలో శ్యామలమ్మ ఇల్లు వచ్చింది. శ్యామలమ్మది భూమి ఉన్న కుటుంబం. వాళ్ళ మిరపచేలో మగ్దలీనమ్మ చాలా ఏళ్ళు కాయలు కోసింది. రెండేళ్ళ కిందట ఆ ఇంట్లోనూ వాకిలి మూశారు. మంచి టేకు చట్రంతో పెట్టిన ఆ కిటికీలోంచి ఎండిపోయిన చెయ్యి ఒకటి ఖాళీ కంచాన్ని బయటికి చాపుతోంది. గాజులు మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి. కుర్చీ ముందుకు సాగిపోయింది కానీ మగ్దలీనమ్మ చర్చిలో పాట పాడలేకపోయింది. ఇంటికొచ్చి చూస్తే తన గడప మోకాలు దాటి ఉంది.

ఆనంద్ బాబు ఆ వారమే ఆంజనేయులు మేస్త్రీ దగ్గరికి పోయాడు. మేస్త్రీ చేతి నిండా కాలనీ ఇళ్ళ పనులు. ఈస్టరు మర్నాడు, సోమవారం దాకా తీరిక లేదన్నాడు.

"పర్లేదన్నా, కిటికీ మాత్రం బాగా కట్టాల. గ్రిల్లు పెట్టు. కింద నున్నటి పలకరాయి వెయ్యి. మా అమ్మ నలభై ఏండ్లు మోసింది కదా, ఆమె మోచెయ్యి ఆనించుకునేది ఆ రాయి మీదనే ఉండాల" అన్నాడు ఆనంద్ బాబు. చెబుతుంటే అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఏమనాలి ఇటువంటి ప్రేమను? తిట్టడానికి నోరు రాదు, మెచ్చుకోవడానికి మనసు రాదు.

జనవరిలో ఊరి హెల్త్ క్లినిక్‌కి హేమలత అనే కొత్త నర్సు వచ్చింది. గిద్దలూరు అమ్మాయి. బీపీ చూడడానికి ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చి, ఆ గడప మీద కూర్చుని కాళ్ళు ఇటు తిప్పుకుని గదిలోకి దిగింది. బీపీ చూసింది, నాడి చూసింది, గుండె విన్నది, మోకాళ్ళు వంచి చూసింది. తర్వాత మగ్దలీనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "అవ్వా, చేతులు ఆనించకుండా లెయ్యి" అన్నది.

ఇదేం పరీక్ష అని మగ్దలీనమ్మ నవ్వింది. మూడుసార్లు ప్రయత్నించింది. లేవలేకపోయింది. నవ్వు పోయింది.

"భయపడబాకవ్వా. వాడక కండ కరిగిపోయింది, వాడితే మళ్ళీ వస్తది" అన్నది హేమలత. "కొంచెంసేపే చెయ్యి, కానీ గట్టిగా చెయ్యి. ముప్పై సెకన్లు నీకు చాతనైనంత గబగబా లేచి కూర్చో. ఆయాసం రావాల. తర్వాత నిమిషంన్నర అలుపు తీర్చుకో. అట్ల ఆరుసార్లు. మొత్తం పన్నెండు నిమిషాలు. వారానికి మూడు రోజులు చాలు. రొమ్ములో నొప్పొచ్చినా, కండ్లు తిరిగినా ఆపెయ్యాల."

రోజీ గడప అవతలి నుంచి, "నలభై ఏండ్లు రాళ్ళు మోసింది చాలదా సిస్టరమ్మా? ఇప్పుడు ఎక్సర్‌సైజులేంది?" అన్నది.

"ఆ నలభై ఏండ్ల బలాన్ని మూడేండ్లలో పోగొట్టినారు కదక్కా, అందుకు."

సాయంత్రం ఆనంద్ బాబుకు సంగతి తెలిసింది. ఆటో తిన్నగా క్లినిక్ ముందు ఆపి, "మా అమ్మ పడి తుంటి ఇరిగితే నువ్వు జవాబు చెప్తావా?" అని అరిచాడు.

"కిటికీ కట్టినాక ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారన్నా?" అని అడిగింది హేమలత.

అతను ఆ మాట ఒప్పుకోలేదు. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరును పిలిపించాడు. ఆయన ఒక ఎర్రటి టానిక్కు రాసి, పూర్తిగా విశ్రాంతి అన్నాడు. ఆ టానిక్కు సీసా అయిపోయేలోగా గడప ఇంకో వేలెడు లేచింది. అయినా ఆ డాక్టరు మాటకే విలువ. విశ్రాంతి అన్నవాడు దేవుడు, లెయ్యమన్నది పాపాత్మురాలు.

సీసా ఖాళీ అయిన రోజు మగ్దలీనమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "రోజీ, శ్యామలమ్మక్క గాజులు చూసినావా? నన్ను అట్ల కానియ్యబాకు."

రోజీకి ఆ గాజులు గుర్తొచ్చాయి. కిటికీ కట్టినాక రోజుకు రెండుసార్లు స్టూలెక్కి దూకాల్సింది తనే కదా అని కూడా ఆలోచించింది. ఆటో వీధి మలుపు తిరగగానే తలుపు దగ్గరికి వేసి, ఫోనులో టైమరు పెట్టింది.

మొదటిరోజు ముప్పై సెకన్లలో రెండుసార్లు లేచింది, అదీ రోజీ భుజం పట్టుకుని. వారం తిరిగేసరికి భుజం వదిలి కుర్చీ చేతులు పట్టుకుంది. మగ్దలీనమ్మ కూనిరాగం తీస్తూ లేచి కూర్చుంటుంటే, ఆటో పోయాక వచ్చిన హేమలత చూసి, "పాట పాడుతున్నావంటే నువ్వు కష్టపడటం లేదవ్వా. పాటలన్నీ అలుపు తీర్చుకునేటప్పుడు" అన్నది. ఫిబ్రవరిలో కుర్చీ చేతులు కూడా వదిలేసింది. అప్పుడు రోజీ పెరట్లో కాళ్ళు కడుక్కునే చోటు నుంచి ఒక పలకరాయి పెకలించి తెచ్చి, గదిలో గోడ పక్కన వేసింది. గోడకు చెయ్యి ఆనించి దాని మీదికి ఎక్కడం, దిగడం. తర్వాత రెండు రాళ్ళు, తర్వాత మూడు. కుడికాలు, ఎడమకాలు. ఆయాసంతో నోరెండిపోయేది. తొడలు రెండు రోజులు సలిపేవి. మూడోరోజు మళ్ళీ ఎక్కేది.

గడప పెరగడం ఆగిపోయింది. మోకాలికి నాలుగు వేళ్ళ పైన ఆగింది, కానీ దిగలేదు. ఆగిన గడప మళ్ళీ లేస్తుందిలే అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఆనంద్ బాబు అది టానిక్కు మహిమ అనుకున్నాడు. ఏదేమైనా మేస్త్రీకి మాట ఇచ్చాడు కాబట్టి కిటికీ ఆగదన్నాడు. ఈస్టరు నాడు కుర్చీ తెచ్చి ఎత్తుతామంటే మగ్దలీనమ్మ రానన్నది. పాపం, ఇంక అయిపోయిందని చర్చిలో అందరూ ఆమె కోసం ప్రార్థన చేశారు. బతికున్న మనిషి కోసం చేసే ప్రార్థనలా లేదది.

సోమవారం పొద్దున్నే ఆంజనేయులు వచ్చాడు. వసారాలో ఇటుకలు దించి, తట్టలో సిమెంటు కలిపాడు. నున్నగా తోమిన పలకరాయి గోడకు ఆనించి ఉంది. వీధిలో వాళ్ళు చూడ్డానికి చేరారు. హేమలత బీపీ సంచితో వచ్చి ఒక పక్కన నిలబడింది.

"మేస్త్రీ, ఒక పన్నెండు నిమిషాలు ఆగు. నేను బయటికి వస్తా" అన్నది లోపలి నుంచి మగ్దలీనమ్మ.

ఆనంద్ బాబు గడప దగ్గరికి ఉరికి రెండు చేతులూ చాపాడు. "వద్దమ్మా, పడతావు. నేను ఎత్తుకుంటా."

"నీ చెయ్యి తగిలిందంటే మళ్ళీ రెండు వేళ్ళు లేస్తది. పక్కకు జరుగు. రోజీ, టైం పెట్టు."

అప్పుడుగానీ అతనికి పెళ్ళాం చేతిలోని ఫోను సంగతి అర్థం కాలేదు. మగ్దలీనమ్మ చట్రం పట్టుకుని, కుడికాలు గడప మీద పెట్టి లేవబోయింది. ఒళ్ళు సగం లేచి వెనక్కి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. "ముప్పై అయింది" అన్నది రోజీ. మగ్దలీనమ్మ కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది. వీధంతా ఆ నిమిషంన్నర కాచుకుంది. రెండోసారీ కాలేదు. మూడోసారి ఆమె కాలు జారబోతే ఆనంద్ బాబు కళ్ళు మూసుకున్నాడు.

"సిమెంటు గట్టిపడతాంది పెద్దమ్మా" అన్నాడు ఆంజనేయులు.

"అలుపు తీర్చుకోను ఇంకా నలభై సెకన్లుంది" అన్నది రోజీ, అతని వైపు చూడకుండా.

నాలుగోసారి మగ్దలీనమ్మ పళ్ళు బిగించి లేచింది. రెండు కాళ్ళూ గడప మీద. తల ద్వారబంధం పైకమ్మికి తగిలేంత ఎత్తున ఒక్క క్షణం నిలబడి, ఊరిని చూసి, చట్రం పట్టుకునే వసారాలోకి దిగింది. రెండో పాదం నేల తాకగానే వెనక గడప జానెడు ఎత్తుకు దిగిపోయింది.

ఆనంద్ బాబు ఏడుస్తూ లోపలికి పరుగెత్తాడు. బయటికి వచ్చినప్పుడు అతని చేతిలో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. "కూర్చోమ్మా. అలిసిపోయినావు, కూర్చో."

మగ్దలీనమ్మ ఆ కుర్చీని ఒక్క తన్ను తన్నింది. అది పోయి సిమెంటు తట్టలో పడింది.

"కూర్చో, కూర్చో! మూడేండ్ల నుంచి ఇదే మాట! గని ఓనరైనా నన్ను ఇంత హీనంగా చూడలేదురా. వాడు రాయి మొయ్యమన్నాడు. నువ్వు గ్లాసు కూడా మొయ్యనియ్యకపోతివి. ఆ రాయి నెత్తిన మోసి నిన్ను సాకితే, అదే రాయి తెచ్చి నన్ను మూస్తావా?"

"నీ మంచికేనమ్మా..."

"నా మంచేందో నన్ను ఒక్కనాడన్నా అడిగినావా?"

అతను అడగలేదు. ఊళ్ళో ఎవరూ ఎవరినీ అడగలేదు. వీధిలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. మగ్దలీనమ్మ వాళ్ళ మధ్య నుంచి నడిచి పోయింది. వెనక ఫోనుతో రోజీ, సంచితో హేమలత.

శ్యామలమ్మ ఇంటి ముందు ఆమె కొడుకు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. మగ్దలీనమ్మ కంచం కిటికీ దగ్గర నిలబడి, "అక్కా, నేను మగ్దలీనను. లేస్తావా?" అని కేకేసింది.

"ఆమెకు చాతకాదు. పెద్దామెను ఎందుకు కష్టపెడతావు?" అన్నాడు కొడుకు.

"నిన్ను అడగలేదు నాయనా. అక్కా, నిన్నే అడుగుతున్నా. లేస్తావా?"

లోపలి నుంచి సన్నటి గొంతు వినిపించింది. "లేస్తానే. రెండేండ్లాయ, ఆ మాట అడిగినోళ్ళు ఒక్కరన్నా లేకపోయిరి."

హేమలత అనుమతి అడగకుండా స్టూలెక్కి లోపలికి దిగింది. బీపీ చూసి, గుండె విని, "నన్ను పట్టుకుని లెయ్యి అవ్వా" అన్నది. రోజీ టైమరు నొక్కింది. లోపల మంచం ఒకసారి కిర్రుమన్నది. కాసేపటికి ఇంకోసారి. కిటికీ కింది గోడ మీద సున్నం సన్నగా చిట్లి, టేకు చట్రంతో సహా గోడ వేలెడు కిందికి దిగింది. అరుగు మీద కొడుకు పేపరు మడిచి లేచి నిలబడ్డాడు.

"ముప్పై అయింది" అన్నది రోజీ.

"కూర్చో అక్కా, అలుపు తీర్చుకో. ఇంకా ఐదుసార్లుంది" అన్నది మగ్దలీనమ్మ.