మూడుసార్లు తట్టిన కత్తెర

"ఆ మేకు ఒక్క జానెడు కిందికి దించితే నీ సొమ్మేం పోతుంది?" అని మళ్ళీ అడిగింది పెద్దకోడలు.

"దించితే నేను గొంతుక్కూచుని తల దువ్వుకోవాలి. నువ్వు పీట ఎక్కితే పోయేదానికి నా నడుం విరగ్గొడతావేంటక్కా?" చిన్నకోడలు అద్దం ముందు నుంచి కదల్లేదు.

"పీటెక్కడానికి నేనేమన్నా పసిపిల్లనా?"

"ఎత్తు చూస్తే అలాగే ఉన్నావు మరి."

ఈ తగువు ఇవాళ్టిది కాదు. ఇంటికి ఉన్నది ఒకటే అద్దం. దాన్ని గోడకు కొట్టినవాడు మరిది. తన పెళ్ళాం ఎత్తు చూసుకుని కొట్టాడు. పెద్దకోడలికి అందులో నుదురూ పాపిటా తప్ప మరేమీ కనిపించవు. ఏడాదిన్నరగా ఆమె తన జడ తడుముకుంటూ అల్లుకుంటోంది. అల్లుకున్న ప్రతిసారీ అద్దం నిండా కనిపించే తోడికోడలి మొహం చూసి లోపల ఏదో చిటుక్కుమంటుంది.

"చాల్లే, ఊరుకోండి," అని పొయ్యి దగ్గర నుంచి కసిరింది అత్తగారు. "నేను చచ్చాక గోడ నిండా అద్దాలు తగిలించుకుందురు గాని."

ఆ మాటకు కోడళ్ళిద్దరూ అద్దం వదిలి అన్నం బాక్సులు అందుకున్నారు. అత్తగారు నాలుక కరుచుకుంది. చొక్కాల ఫ్యాక్టరీలో ఒక మనిషి మిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయి అది మూడో రోజు. ఇద్దరు కోడళ్ళూ అదే లైనులో కుడతారు. ఆమెకు చెరో పక్కనా కూర్చున్నది వీళ్ళిద్దరే.

ఆ లైనులో మిషన్లు ఇరవై రెండు. ఒకరు కాలరు అతికితే ఒకరు జేబు కుడతారు. చివర కాజాలు, బొత్తాలు. ఒకరి దగ్గర పని ఆగితే వెనక గుట్ట పడుతుంది, ముందున్న వాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. అందుకని నీళ్ళకైనా మరుగుదొడ్డికైనా ముందు కుట్టాల్సిన పీసులు ఉండగా లేవకూడదని సూపర్‌వైజరు కట్టడి. ఆడవాళ్ళు దానికి తమ ఉపాయం తాము కనిపెట్టుకున్నారు. లేవాల్సిన మనిషి కత్తెరతో బల్ల అంచు మీద తడుతుంది. పక్క మిషను మనిషి తన పనితోపాటు ఆమె పీసులు కూడా నాలుగు లాగేస్తుంది. దాన్ని చెయ్యి వేయడం అంటారు. ఆ హాల్లో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునేవాళ్ళున్నారు, నెలల తరబడి మాటలు మానేసినవాళ్ళున్నారు. కత్తెర చప్పుడు విని చెయ్యి వేయనివాళ్ళు మాత్రం ఎప్పుడూ లేరు, కొత్తామె వచ్చేదాకా.

కొత్తామె రావడమే పెద్దకోడలి కడుపు మండించింది. ఇరవై రెండు మిషన్లకు సరిగ్గా తిరిగే ఫ్యాన్లు నాలుగు. వాటిలో ఒకటి పదకొండో మిషను నడినెత్తిన ఉంది. పదో మిషను మీద కూర్చునే పెద్దకోడలికి దాని గాలి చెంపకు తగిలీ తగలకుండా పోయేది. పదకొండో మిషను ఆమె పని మానేస్తే ఆ చోటు తనదేనని రెండేళ్ళుగా కాచుకుని ఉంది. లైనులో పాతవాళ్ళకే మంచి చోటు ఇవ్వడం అలవాటు. పైగా జేబులు కుట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. గంటకు డెబ్బై లెక్కయితే డెబ్బై అయిదు కుట్టేది. అందరూ ఆమెను ‘మోటారు’ అని పిలిచేవాళ్ళు. తీరా ఆ మిషను ఖాళీ అయ్యాక సూపర్‌వైజరు ఎక్కడి నుంచో ఒక కొత్త మనిషిని తీసుకొచ్చి, "నువ్విక్కడ కూర్చో," అని వేలు చూపించాడు.

ఆ మనిషిది ఏ ఊరో, ఎవరి తాలూకో ఎవరికీ తెలీదు. ఏదో హాస్టలు గదిలో నలుగురితో కలిసి ఉంటుందన్నారు. మాట తక్కువ. ఫ్యాన్ గాలికి ఆమె జుట్టు కొసలు ఎగురుతుంటే పెద్దకోడలికి కళ్ళల్లో కారం పడ్డట్టుండేది.

మొదటిరోజు మధ్యాహ్నం బాక్సులు విప్పుకున్నప్పుడు పెద్దకోడలే అంది: "దానికెవరూ చెయ్యి వేయకండి. గాలి మేస్తోందిగా, నీళ్ళతో పనేముంది?"

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది చిన్నకోడలు.

ఆ సాయంత్రమే కొత్తామె కత్తెరతో తట్టింది. ఆ అలవాటు సగం ఫ్యాక్టరీల్లో ఉన్నదే, ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు. ఇటు పెద్దకోడలు తల తిప్పలేదు. అటు పన్నెండో మిషను మీద చిన్నకోడలూ తిప్పలేదు. చివరికి కొత్తామె లేచి వెళ్ళి వచ్చేసరికి పద్నాలుగు పీసులు గుట్ట పడ్డాయి. సూపర్‌వైజరు హాలంతా వినపడేలా తిట్టాడు. అప్పటి నుంచి ఆమె తట్టడం మానేసింది, లేవడం మానేసింది. నీళ్ళ సీసా తెచ్చుకోవడం కూడా మానేసింది. అయిదో రోజుకు గంటకు తొంభై అయిదు జేబులు కుట్టింది.

ఆ అంకెను సూపర్‌వైజరు బోర్డు మీద ఎర్ర సుద్దతో రాశాడు. వారం తిరక్కుండానే అందరి లెక్కా డెబ్బై నుంచి ఎనభైకి పెంచాడు. రోజు కూలి నాలుగు వందల పది, లెక్క తగ్గితే ముప్ఫై కోత. అలవాటుగా కుట్టేవాళ్ళందరికీ ఒక్కసారిగా ఆ ముప్ఫై పోవడం మొదలైంది. దాంతో పెద్దకోడలి ఒక్కదాని ఏడుపు లైను మొత్తానికీ ఏడుపయింది. ‘మోటారు’ అన్న పేరు కూడా ఆమెకు మిగల్లేదు.

"పాత మోటారు షెడ్డుకెళ్ళింది, కొత్త మోటారు దిగింది," అని చిన్నకోడలు ఇంట్లో అందరి ముందూ అంటే మరిది పగలబడి నవ్వాడు.

పన్నెండో రోజు విపరీతమైన ఉక్క. ఇస్త్రీ బల్లల ఆవిరి హాలంతా కమ్ముకుంది. మధ్యాహ్నం మూడు దాటాక పక్క బల్ల మీద కత్తెర చప్పుడైంది. ఇన్ని రోజుల తరవాత! పెద్దకోడలికి చప్పున వినిపించింది. కాసేపటికి మళ్ళీ. మూడోసారి గోటితో గీరినట్టుంది. ‘ఇప్పుడు తెలిసిందా’ అనుకుంది ఆమె. ఇవాళ దీని లెక్క పడిపోతుంది, బోర్డు మీద అంకె చెరిపేస్తారు అనుకుంటూ మిషను పెడలు ఇంకా గట్టిగా నొక్కింది. తరవాత ఓరకంట చూస్తే కొత్తామె తల జేబుల కట్ట మీద వాలి ఉంది. దారం తెగితే వెతుక్కుంటోందనుకుంది.

ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయిందన్నారు.

మూడో రోజున కూడా పదకొండో మిషను ఖాళీగానే ఉంది. దాని మీద ఫ్యాన్ ఊరికే తిరుగుతోంది. ఎవర్నీ అక్కడికి మారమని అడిగే ధైర్యం సూపర్‌వైజరుకు లేకపోయింది. పొద్దున పదింటికి కాలరు కుట్టే ఆమె నీళ్ళకని కత్తెరతో తట్టింది. మామూలుగా అయితే పక్కామె ఒక్కతే చెయ్యి చాపేది. ఆ రోజు అటు ముగ్గురు, ఇటు ఇద్దరు ఒక్కసారే లేచి నిలబడ్డారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. కాలరు ఆమె బెదిరిపోయి, నీళ్ళు తాగకుండానే కూర్చుంది.

"ఏంటిది? ఏమైంది మీకందరికీ?" అని సూపర్‌వైజరు అరిచాడు గాని ఆ గొంతులో ఎప్పటి ఊపు లేదు.

బాక్సులు విప్పుకునే వేళ ఇంకో వింత మొదలైంది. బతికుండగా ఒక్కరూ పలకరించని మనిషికి ఇప్పుడు అందరూ దగ్గరివాళ్ళయ్యారు.

"నన్నొకసారి దారం అడిగింది పాపం," అంది కాలరు ఆమె.

"నన్ను చూసి రోజూ నవ్వేది," అంది ఇంకొకామె.

"నిన్ను చూసి నవ్వనివాళ్ళెవరులే," అన్నారెవరో. నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు.

అప్పుడు చిన్నకోడలు తల వంచుకుని అంది: "ఒకరోజు వానలో నా గొడుగు కిందకొచ్చింది. గేటు దాకా నడిచాం. వాళ్ళ అమ్మకి కళ్ళు కనపడవంట."

ఆ మాట ఆమె ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అందరూ చేతిలో ముద్ద ఆపి ఆమె వైపే చూశారు. పెద్దకోడలికి ఒళ్ళు మండింది. మూరెడు దూరంలో పన్నెండు రోజులు కూర్చున్నది తను. తనకు చెప్పుకోవడానికి ఒక్క మాట లేదు. గొడుగూ లేదు, దారమూ లేదు. ఉన్నవల్లా మూడు చప్పుళ్ళు.

చివర బొత్తాలు కుట్టే అవ్వ ఆ లైనులో అందరికన్నా పెద్దది. అంతసేపూ తన ముద్ద తను నమిలింది.

"తొంభై అయిదు ఎలా కుట్టిందనుకున్నారే మీరు?" అంది మెల్లగా. "దానికేమన్నా నాలుగు చేతులున్నాయా? లేవలేదు కాబట్టి కుట్టింది. మనం చెయ్యి వేయమని తెలిసి నీళ్ళు మానేసింది. నీళ్ళు మానేస్తే లేవక్కర్లేకపోయింది. అదలా కుడితే మన నెత్తిన ఎనభై పడింది. పడిందని దాని మీద ఇంకా మండిపడ్డాం."

"అంటే ఆ ఎనభై మనమే..." కాలరు ఆమె మాట సగంలో ఆపేసింది.

"ఆ రోజు నేనూ నవ్వానులే," అని అవ్వ బాక్సు మూత పెట్టేసింది.

ఎవరూ పెద్దకోడలి వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

సాయంత్రం మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. పదేళ్ళలో ఆ గదిలో కూర్చోమనడం అదే మొదలు.

"రేపు లేబర్ ఆఫీసరు గారొస్తారమ్మా. చిన్న కాయితం," అని చదివి వినిపించాడు. చనిపోయిన మనిషి ఒంట్లో బాగాలేకపోయినా పనిలోకి వచ్చింది. నీళ్ళకు గాని మరుగుదొడ్డికి గాని ఇక్కడ ఎవరికీ అడ్డు లేదు. ఆ రోజు ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

"పక్క మిషను నీది. నువ్వు సంతకం పెడితే మిగతావాళ్ళంతా పెడతారు. కుట్టిన చొక్కాలు సరిచూసే చెకింగ్ బల్లకు మనిషి కావాలనుకుంటున్నాం. నెల జీతం, పదిహేను వేలు. కోతల్లేవు."

పెద్దకోడలు కాగితం వైపే చూస్తోంది.

"నీకు కుదరకపోతే అటు పక్క మీ తోడికోడలుందిగా," అన్నాడు మేనేజరు. తరవాత గొంతు తగ్గించి, "ఆమెకెవరూ సాయం చెయ్యొద్దని చెప్పింది నువ్వేనని విన్నాను. ఇప్పుడవన్నీ బయటికెందుకు? నీకే కష్టం. రేపు పొద్దున రా," అన్నాడు.

ఆ కబురు ఆమెకన్నా ముందే ఇల్లు చేరింది. అందరూ కంచాల ముందు కూర్చునేసరికి మొగుడి మొహం వెలిగిపోతోంది. అతను సరుకుల బండి తోలతాడు. ఊరంతా తిరిగి నెల రోజులుగా ఒక గది వెతుకుతున్నాడు. ఈ ఇంట్లో రెండు జంటలకూ మధ్య ఉన్నది ఒక దుప్పటి తెర.

"గది చూశానే," అన్నాడు. "అద్దె నాలుగు వేలు. చిన్నదే గాని కిటికీ ఉంది. పదిహేను వేలొస్తే పట్టేద్దాం."

"వదిన అదృష్టం బాగుంది," అన్నాడు మరిది. "మా దానికి ఎవరిస్తారు బల్లలు?"

"నన్నూ పిలిచారు," అంది చిన్నకోడలు. కంచంలోకి చూస్తూనే అంది. "అక్క కాదంటేనే నాకంట."

"మన ఇంట్లో ఎవరికొస్తే ఏంటి!" అంది అత్తగారు. "పోయిన మనిషి ఎలాగూ పోయింది. మనకేమన్నా చుట్టమా, పక్కమా?"

పెద్దకోడలు తోడికోడలిని చూసింది. "నేను చెయ్యి వేయొద్దన్నానని వాళ్ళకి చెప్పింది నువ్వేనా?"

"నేను కాదక్కా." చిన్నకోడలు అన్నం కలుపుతూనే అంది. "నేనెలా చెప్తాను? చెప్తే, మరి నువ్వేం చేశావని నన్నడగరా?"

ఆమె అబద్ధం చెప్పడం లేదని పెద్దకోడలికి తెలుస్తూనే ఉంది. తెలిసినా ఏదో మండుతోంది. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో కళ్ళకు కట్టింది. పొడుగ్గా, నడుం వంచక్కర్లేకుండా, చెవిలో పెన్సిలు పెట్టుకుని చెకింగ్ బల్ల దగ్గర ఈ మనిషి. అద్దె గదిలోకి సామాను సర్దుకుని వెళ్ళేదీ ఈ మనిషే. ఆ తలపు వచ్చేసరికి కళ్ళల్లో మళ్ళీ కారం పడ్డట్టయింది. ఆ మంట ఆమెకు కొత్త కాదు. పన్నెండు రోజులు పక్క మిషను వైపు చూసినప్పుడల్లా పుట్టింది ఇదే. రేపు సంతకం పెడితే పెట్టించేది కూడా ఇదే. గది కోసమే పెట్టాననుకోవచ్చు గాని, ఈమెకు దక్కకూడదని పెట్టినట్టే.

ఆమె మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ కాయితం మీద నేను సంతకం పెట్టను," అంది. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

మొగుడి చెయ్యి ఆగిపోయింది. "మరి గది?"

"గది లేదు."

"పిచ్చెక్కిందా నీకు?"

"ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదని రాశారు. అడిగింది. మూడుసార్లు తట్టింది, మూడుసార్లూ నేను విన్నాను. రేపు ఆఫీసరు ముందు అదే చెప్తాను. పీసులుండగా లేవకూడదని పెట్టింది వాళ్ళు. చెయ్యి వేయొద్దని అందరికీ చెప్పింది నేను. రెండూ చెప్తాను."

"పని తీసేస్తారు వదినా," అన్నాడు మరిది.

"తీసెయ్యొచ్చు."

అత్తగారు గరిటె పట్టుకుని ఎవరికి వడ్డించాలో తెలియనట్టు కూర్చుంది. పెద్దకోడలు తోడికోడలి వైపు తిరిగింది.

"ఆ బల్ల నీకొస్తే రావచ్చు. నువ్వేం చేస్తావో నేను అడగను. నీకొస్తే మాత్రం నీ మీద నాకు ఏడుపుగానే ఉంటుంది. అది పోయిందని మాత్రం అనుకోకు."

చిన్నకోడలు తల ఎత్తలేదు. కలిపిన ముద్ద కంచంలో అలాగే ఉంది. ఆమె వేళ్ళు దాన్ని వదలడం లేదు, నోటి దాకా తేవడమూ లేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.