వయసొచ్చిన వయొలిన్

పొయ్యి మీద గంజి ఉడుకుతుండగా రిమ్మా సవేల్యెవ్నా వంటింట్లోనే నిలబడి, వయొలిన్ కన్నా పెద్దదీ గొంతు లోతైనదీ అయిన వియోలా సాధన చేస్తోంది. గిన్నె మూత ఎగిరిపడుతున్నా కమాను ఆగలేదు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పొడవాటి చేతులు, ఎడమ దవడ కింద ఏళ్ల తరబడి చెక్క ఒరుసుకుని కాయకాచిన మచ్చ. కిటికీలోంచి గడ్డకట్టిన వోల్గా నది తెల్లగా కనిపిస్తోంది.

చిటికెనవేలు బాగా సాచవలసిన చోటు వచ్చింది. వేలు చేరింది గాని, వెంట్రుకవాసి ఆలస్యంగా చేరింది. మళ్లీ వాయించింది. మళ్లీ అంతే. ఇంకే చెవికీ అందని ఆలస్యం అది. ఆమె పొయ్యి ఆర్పి, గంజిలో వెన్న వేసుకుని కడుపునిండా తిన్నది. తన చెవిన పడ్డాక, పరుల చెవిన పడేదాకా ఆగడం మర్యాద కాదనుకుంది.

చిన్నప్పుడు సరతోవ్ సంగీత పాఠశాలలో గురువు ఆమె చేతులు సాచమని చూసి, "నీకు వయొలిన్ ఆటబొమ్మ అవుతుంది తల్లీ" అంటూ వియోలా అందించాడు. ఇంటిదాకా ఏడుస్తూనే వెళ్లింది. వయొలిన్ అబ్బనివాళ్లకు అంటగట్టేది వియోలా అని పిల్లలందరికీ తెలుసు. బృందం నడుమ కూర్చుని ఇతరుల పాటకు గోడలు కట్టే పని. మాస్కోలో చదువు ముగించాక ఒక వాద్యబృందంలో కొలువు ఇస్తామన్నారు. గోడలు కట్టనంది. ఒంటరిగా వేదిక ఎక్కుతానంది.

అప్పటినుంచి రైళ్లే ఇల్లయ్యాయి. ఉరాల్ కొండల్లో ఒక ఫ్యాక్టరీ క్లబ్బులో, పనిబట్టలతోనే ముందు వరుసలో కూర్చున్న వెల్డర్ పెద్దామె, వాయింపు కాగానే అడిగింది:

"ఏమ్మాయ్, నీ వయొలిన్‌కి జలుబు చేసిందా?"

"లేదండీ, వయసొచ్చింది."

హాలంతా ఘొల్లుమంది. మరుసటి పాటకు మాత్రం ఎవరూ దగ్గలేదు. ఆ ఊరివాడే లాద్నోవ్ అనే స్వరకర్త ఆ రాత్రి విన్నదాన్ని మరచిపోలేక ఆమె కోసం ఒక కచేరీ రచన రాశాడు. ఎన్ని ఊళ్లు తిరిగినా జనం అదే అడిగారు. ఈ సాయంత్రం వాయించబోయేదీ అదే.

మధ్యాహ్నం రిహార్సల్లో, వాద్యబృందాన్ని నడిపే కుర్ర నిర్దేశకుడు ఇన్నొకెంతి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"రిమ్మా సవేల్యెవ్నా, చివరి భాగం కాస్త నెమ్మదిగా నడిపిద్దామా అండీ?"

"నా వయసు చూసి అడుగుతున్నావా, వాయింపు విని అడుగుతున్నావా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "వయసు చూసేనండీ."

"అయితే నీ పుల్ల ఇంకాస్త వేగంగా ఊపు నాయనా. నేను ముందు వెళ్లిపోతే నువ్వే పరిగెత్తాలి."

సాయంత్రం హాలు నిండింది. ఆ చోటు రానే వచ్చింది. చిటికెనవేలు సమయానికే వెళ్లింది. తీగ లోతుగా, నిండుగా పలికింది. ఇన్నొకెంతి నుదుటి చెమట తుడుచుకోకుండానే నవ్వాడు. చప్పట్లు ఆగకపోతే ఆమె మూడుసార్లు తిరిగి వచ్చి వంగి నమస్కరించింది. వంటింట్లో అనుకున్నదాని విషయంలో మాత్రం మనసు మార్చుకోలేదు.

హాలుకొచ్చేవాళ్ల చలికోట్లు భద్రపరిచే గ్లాఫిరా ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. బూట్లు అందిస్తూ అడిగింది:

"మళ్లీ ఎప్పుడే?"

"ఇదే ఆఖరు."

"ఏం మాయరోగం? చెడగొట్టావా ఏంటి?"

"లేదే. బాగా వాయించాను. అందుకే."

గ్లాఫిరా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆమె మెడచుట్టూ శాలువా బిగించి కట్టింది. వియోలా పెట్టె వీపున తగిలించుకుని, రిమ్మా సవేల్యెవ్నా వెనక వాకిలిగుండా మంచులోకి నడిచి వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా ఆమె నడక తడబడలేదు.

పైన, విశ్రాంతి గదిలో అద్దం ముందు ఒక తెల్ల చేతిరుమాలు ఉండిపోయింది. దవడకూ చెక్కకూ నడుమ పెట్టుకున్న చోట అది ఇంకా తడిగానే ఉంది.