లీలకు ఇంకో టేక్

1991 జూన్‌లో, జూబ్లీహిల్స్‌లోని ఒక స్కూల్లో ఒకటో తరగతిలో చేర్చబోతే, మా లీలకు తెలివి పరీక్ష పెట్టి, వంద దగ్గర ఉండాల్సింది డెబ్బై ఒకటే అన్నారు. మామూలు క్లాసుకు పనికిరాదట, బుద్ధి ఎదగని పిల్లలకుండే వేరే బడికి పంపాలట. పిల్ల తలలో ఏ గడ్డ ఉందోనని, రేపటికి నన్ను కూడా గుర్తుపట్టదేమోనని దారంతా దాని తల తడుముతూనే వచ్చాను.

కృష్ణానగర్‌లో మా గదికి వచ్చాక అడిగాను.

"పరీక్ష పెట్టినావిడ ప్రశ్న అడిగితే ఏం చెప్పావే?"

"ఆవిడ అన్నదే అన్నానమ్మా. బాగా ఫీలయి చెప్పా."

"మరి జవాబు?"

"జవాబు ఆవిడ అందించలేదుగా!"

లీల ఊహ తెలిసినప్పటి నుంచీ సినిమాల్లో చిన్న వేషాలు వేస్తోంది. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు డైలాగు అందిస్తాడు, పిల్ల అదే తిప్పి చెబుతుంది. సొంతంగా ఒక్క మాట కలిపితే తిట్లే. కొత్త గది, ఎదురుగా కాగితాలు పట్టుకున్న మనిషి... షూటింగే అనుకుంది.

మర్నాడు దాన్ని తీసుకుని పరీక్ష పెట్టిన శారదాదేవి గారి దగ్గరికి వెళ్లాను. గుమ్మంలో ఆయా బాలమణి ఆపింది.

"ఏందమ్మా, గట్ల వణుకుతున్నవ్? కూసో జర."

"కూర్చుంటే మళ్లీ లేవలేనేమో," అని లోపలికి దూరిపోయాను.

శారదాదేవి గారు అంతా విని, "ప్రతి తల్లీ ఏదో ఒక కారణం చెబుతుందండీ," అన్నారు.

"చెబుతుందండీ. అయినా మళ్లీ పెట్టండి. ఇది షూటింగ్ కాదు, నీ మాటే చెప్పు అని ముందు దానికి చెప్పండి."

పెట్టారు. తొంభై నాలుగు వచ్చింది. నేను దండం పెట్టుకునేలోపే ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"అవే ప్రశ్నలు కదా, అలవాటై పెరిగి ఉండొచ్చు. ఏ పరీక్షలోనైనా కొంత అటూ ఇటూ ఉంటుందమ్మా."

"ఆ అటూ ఇటూ సంగతి నిన్నటి కాగితంలో రాశారా?"

ఆవిడ నిన్నటి కాగితం తీసి చూసి, మళ్లీ పక్కన పెట్టేశారు.

"తగ్గితే నమ్మారు, పెరిగితే నమ్మరా? అయితే రెండూ నమ్మకండి."

"రేపు పిల్ల క్లాసులో వెనకబడితే?"

ఆ భయం ఆవిడ నాకు నేర్పాలా?

"అప్పుడు చూద్దాం. ముందు కూర్చోనివ్వండి."

వేరే బడికి పంపడానికి ఆవిడ ముందుకు తోసిన కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. లీల చెయ్యి పట్టుకుని ఒకటో తరగతిలోకి వెళ్లి, ఖాళీ బెంచీ మీద కూర్చోబెట్టాను. టీచరు తెల్లబోయింది. వెనకే వచ్చిన శారదాదేవి గారు, "ఉండనివ్వండి. ఈ ఏడాది చూద్దాం," అన్నారు.

నేను వరండాలో చతికిలబడ్డాను.

"ఇంటికి పో అమ్మా, ఎవ్వరు లేపరు నీ బిడ్డను," అంది బాలమణి.

"లేపి చూడమను. గంట కొట్టేదాకా ఇక్కణ్నించి కదలను."